మడిచిన మూల

ఈ ఉగాదికి మన సంఘం వేడుకలకు వచ్చినవాళ్ళు, హాలు నుంచి భోజనాల గదికి వెళ్ళే నడవాలో గోడ పొడవునా అంటించిన వంశవృక్షాలను చూసే ఉంటారు. అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్ళు నిండే సంవత్సరం కదా, పిల్లలచేత ‘మన మూలాలు’ అని ఒక ప్రదర్శన పెట్టిద్దామని సాంస్కృతిక కమిటీ తీర్మానించింది. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. చార్టులు ముచ్చటగా వచ్చాయి. పసుపు కుంకుమ రంగుల కొమ్మలు, తాతల నలుపు తెలుపు ఫోటోలు, ఒకటి రెండింట్లో తలపాగాలు, చేతికర్రలు. ఎడమ నుంచి తొమ్మిదో చార్టుకు కింది మూల లోపలికి మడిచి టేపు అంటించి ఉంది. ఉగాది పచ్చడి గ్లాసు పట్టుకుని వరుసలో నిలబడ్డవాళ్ళు దాన్ని గమనించి ఉండరు.

ఆ చార్టు నా మనవరాలిది. మూల మడవమన్నది కమిటీలో ఒక పెద్దమనిషి. టేపు కోసి అందించింది నేను.

పిల్ల రాసినదాంట్లో తప్పేమీ లేదు. మా వంశవృక్షం గీసి, దాని వేళ్ళ దగ్గర ఒక చిన్న గడి కట్టి, అందులో మా తాతగారి ఇంట్లో పనిచేసిన పాలేరు పేరు రాసింది. కింద ‘ఈయన కూడా’ అని తెలుగులో రెండే మాటలు. ఆ రెండు మాటలకు దీర్ఘం, ఒత్తు సరిచూసింది కూడా నేనే. ఉదయం తొమ్మిది గంటలకు, పంచాంగ శ్రవణానికి ముందు, ఆ పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచారు. “అన్నయ్యగారూ, వంశవృక్షంలో పాలేరేమిటండీ? చూసినవాళ్ళు ఏదో ఒకటి అంటారు. పండగపూట ఎందుకు? పిల్లకు తెలియక రాసింది, ఆ మూల కాస్త మడిచేద్దాం” అన్నారు. ఆయన చెడ్డవాడు కాడు. పోయిన చలికాలం నా మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు పది రోజులు మా ఇంటి ముందు మంచు తీసినవాడు. సరేనన్నాను. పిల్ల చూస్తూ నిలబడింది, ఏమీ అనలేదు. భక్ష్యం ముక్క కూడా ముట్టలేదని వాళ్ళమ్మ సాయంత్రం చెప్పింది.

ఆ గడి కట్టాలన్న ఆలోచన దానికి ఎక్కడ వచ్చిందో నాకు తెలుసు. పోయిన అక్టోబరులో మన పెద్దల క్లబ్బూ పిల్లల తెలుగు బడీ కలిసి ఒక బస్సు వేసుకుని హడ్సన్ నది ఒడ్డున ఉన్న క్లెర్మాంట్ భవనం చూసి వచ్చాం. ఆకుల రంగులు చూడడం అసలు సంగతి, చరిత్ర నెపం. ఇడ్లీలు, పులిహోర డబ్బాలు, మూడు ఫ్లాస్కుల కాఫీ. ఆ ఇల్లు లివింగ్‌స్టన్ కుటుంబానిది. న్యూజెర్సీలో లివింగ్‌స్టన్ అనే ఊళ్ళో ఇల్లు కొన్నవాళ్ళు మనలో ఎందరో. రట్గర్స్ లివింగ్‌స్టన్ క్యాంపస్‌లో పిల్లలను దింపి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఇంకా ఎక్కువ. ఆ రెండు పేర్లూ న్యూజెర్సీ రాష్ట్రానికి మొదటి గవర్నరైన విలియం లివింగ్‌స్టన్‌వి. ఆయన తాత రాబర్ట్‌తోనే ఈ కథ మొదలు.

ఈ రాబర్ట్ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి. నేను కరణం మనవడిని. ఇలాంటి మనిషిని చూస్తే నాకు చుట్టాన్ని చూసినట్టు ఉంటుంది.

1654లో స్కాట్లండులో పుట్టాడు. తండ్రి మతబోధకుడు. రాజుతో పడక దేశం విడిచి హాలండులోని రాటర్‌డామ్‌లో తలదాచుకున్నాడు. కొడుకుకు అక్కడే డచ్ భాష వచ్చింది. 1674లో ఆ కుర్రవాడు అమెరికాలో హడ్సన్ ఒడ్డునే ఉన్న ఆల్బనీ చేరాడు. అప్పటికి ఆ ఊళ్ళో జనం డచ్చివాళ్ళు, ఏలిక ఇంగ్లీషువాళ్ళది. రెండు భాషలూ వచ్చినవాడికి ఇక కొదవేముంది? మన మద్రాసు దుబాసీలు ఎలా పైకి వచ్చారో అతడూ అలాగే వచ్చాడు. గుమాస్తాగా చేరి ఊరి దస్త్రాలు, స్థానిక తెగలతో ఒప్పందాల రాతకోతలు చేతిలోకి తెచ్చుకున్నాడు. అక్కడి గొప్ప భూస్వామి కుటుంబమైన వాన్ రెన్సలేర్లలో నికొలస్ అనే ఆయన మంచం పట్టి, వీలునామా రాయించాలని గుమాస్తాను పిలిపించాడట. వచ్చిన రాబర్ట్‌ను చూసి, “వీడు వద్దు, నా భార్యను చేసుకునేది వీడే” అని అరిచాడట. ఇది ఆ కుటుంబంలో చెప్పుకునే కథ, దీనికి కాగితం లేదు. కాగితం ఉన్న సంగతి ఏమిటంటే 1679లో ఆ వితంతువు అలీడాను రాబర్ట్ పెళ్ళి చేసుకున్నాడు. ఆమె పుట్టిల్లు స్కైలర్లది. ఆ పెళ్ళితో ఆల్బనీలోని రెండు పెద్ద ఇళ్ళతో చుట్టరికం కలిసింది.

అసలు గొప్పతనం భూమి దగ్గర ఉంది. మొహికన్ తెగవారి దగ్గర అతడు రెండు ముక్కలు కొన్నాడు. ఒకటి నది పక్కన 2,000 ఎకరాలు, ఇంకొకటి మైళ్ళ దూరంలో కొండల వైపు 600 ఎకరాలు. ఇచ్చింది దుప్పట్లు, చొక్కాలు, వంటపాత్రలు, తుపాకులు, మందుగుండు. 1686లో గవర్నరు డొంగన్ దగ్గర పట్టా రాయించుకునేటప్పుడు ఆ రెండు ముక్కలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నట్టు రాయించాడు. రెండింటి మధ్య ఉన్నదంతా కలిసిపోయింది. 2,600 ఎకరాలు కాస్తా 1,60,000 ఎకరాలయ్యాయి. ఒక్క కలం పోటు! బస్సులో ఈ ముక్క చదివి వినిపిస్తే వెనక సీటులోంచి ఒకాయన, “పోరంబోకు కలుపుకున్నాడన్నమాట” అన్నాడు. అందరం నవ్వాం. కరణాన్ని కరణమే నమ్మరాదని మన పద్యాలు ఊరికే చెప్పలేదు. మా తాతగారు వింటే లేచి నిలబడి నమస్కారం పెట్టేవారు.

నవ్వనివాళ్ళు ఆ భూమి దున్నినవాళ్ళు. లివింగ్‌స్టన్ కౌళ్ళలో గోధుమతో పాటు ఏటా బలిసిన కోళ్ళు, బండీ ఎడ్లు కట్టుకుని వచ్చి చేసే వెట్టి రోజులు కూడా రాసి ఉండేవి. కౌలు గడువును ఏళ్ళలో కాక ప్రాణాలలో లెక్కపెట్టేవారు. ఫలానా ఇద్దరో ముగ్గురో బతికి ఉన్నంతకాలం కౌలు చెల్లుతుంది. వాళ్ళు పోతే పొలమూ పోతుంది. కౌలుదారు గట్టి పిండమనుకున్న పిల్ల పేరు చూసి రాయించుకునేవాడన్నమాట. 1795లో ఆ రైతులు న్యూయార్క్ శాసనసభకు అర్జీ పెట్టారు. ఈ కుటుంబం కొన్నది 2,600 ఎకరాలే, మిగతాది మోసం అని. నూరేళ్ళు దాటినా ఆ లెక్కను మరిచిపోలేదు చూడండి. అర్జీ కొట్టేశారు. ఆ సరికి ఆ ఇంటివాళ్ళు స్వాతంత్ర్య వీరులు కూడా అయిపోయారు. స్వాతంత్ర్య ప్రకటన రాయడానికి వేసిన అయిదుగురి సంఘంలో క్లెర్మాంట్ శాఖకు చెందిన రాబర్ట్ ఆర్. లివింగ్‌స్టన్ ఒకడు. దాని మీద సంతకం పెట్టింది మాత్రం ఫిలిప్ లివింగ్‌స్టన్. ఇంగ్లీషు వంశావళిలో వీళ్ళిద్దరి వరస చెప్పాలంటే అరపేజీ పడుతుంది. మనకైతే ఒక్క మాట, ఫిలిప్ అతడికి పెదనాన్న వరస.

అవును, వంశావళి. ఆ చెట్టు చూస్తే మనది చూసినట్టే ఉంది. డచ్చి ఇళ్ళ ఆచారం ప్రకారం తాత పేరు మనవడికి పెట్టడంతో రాబర్ట్‌ల తరవాత రాబర్ట్‌లు, ఎవరు ఎవరో తేల్చుకోవడానికి పెద్ద రాబర్ట్, అన్నకొడుకు రాబర్ట్, క్లెర్మాంట్ రాబర్ట్, జడ్జి రాబర్ట్, చాన్సలర్ రాబర్ట్ అని పిలుచుకోవలసి వచ్చింది. మన ఊళ్ళో నల్ల సుబ్బారావు, పొడుగు సుబ్బారావు ఉన్నట్టే. పెద్ద రాబర్ట్ అలీడాను చేసుకుంటే, అతడి అన్న కొడుకు వచ్చి అలీడా మేనకోడలిని చేసుకున్నాడు. ఆ దంపతుల మనవరాలు మళ్ళీ లివింగ్‌స్టన్ ఇంటికే కోడలిగా వచ్చింది. మేనరికాలు, ఎదురు సంబంధాలు మన సొత్తేమీ కాదు. ఆస్తి బయటికి పోకూడదంటే అందరికీ అవే తోస్తాయి.

నన్ను నిలబెట్టేసింది మాత్రం అలీడా. మొగుడు జీతం బకాయిల కోసం లండన్ వెళ్ళినా, శాసనసభకని న్యూయార్క్‌లో ఉన్నా, ఎస్టేటు నడిపింది ఆమె. గోధుమ ఎంత వచ్చింది, మర ఎందుకు ఆగింది, ఏ కౌలుదారు ఎగవేస్తున్నాడు, కొట్టులోకి ఏ సరుకు పంపాలి, అన్నీ డచ్ భాషలో ఉత్తరాలు రాసేది. ఆ ఉత్తరాలు నిలిచాయి. ఆ ఇంటి కాగితాలు న్యూయార్క్ హిస్టారికల్ అనే చరిత్ర సంస్థలో భద్రంగా ఉన్నాయి. మూడు వందల ఏళ్ళ కిందటి ఇల్లాలు పిండి బస్తాల గురించి ఏమని విసుక్కుందో ఇవాళ చదువుకోవచ్చు.

మా నాయనమ్మకు చదువు రాదు. పాలు, పెరుగు, వడ్ల దంపుడు కూలి, చేబదుళ్ళు, అన్నిటికీ వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం. ఆమె లెక్కలో ఒక్క గిద్ద తేడా వచ్చేది కాదని మా అమ్మ చెప్పేది. ప్రతి సంక్రాంతికీ గోడలకు సున్నం వేయించేవారు. నాయనమ్మ దస్త్రం ప్రతి ఏటా సున్నం కిందికి వెళ్ళిపోయేది. మా చార్టులో ఆమె పేరు ఉంది, సంతోషం. గోడ మీది సగానికి పైగా చార్టుల్లో ముత్తవ్వల గడుల్లో ‘భార్య’ అని మాత్రమే ఉంది.

లివింగ్‌స్టన్ కాగితాల్లో మన సముద్రపు వాసన కూడా ఉంది. 1695లో లండన్‌లో రాబర్ట్ ఒక ఓడ నాయకుణ్ణి పెద్దలకు పరిచయం చేశాడు, అతడి ఓడకు పెట్టుబడిలో వాటా వేశాడు, పూచీ సంతకం కూడా పెట్టాడు. ఆ నాయకుడు విలియం కిడ్. సముద్రపు దొంగలను పట్టమని పంపితే అతడే దొంగయ్యాడన్న అపఖ్యాతి తెచ్చుకున్నాడు. 1698 జనవరిలో మలబారు తీరాన అతడు పట్టుకున్న క్వెడా మర్చెంట్ ఓడ నిండా బెంగాల్ నుంచి సూరత్‌కు వెళ్తున్న పట్టు, మస్లిన్, పంచదార. కిడ్‌ను 1701లో ఉరితీశారు. రాబర్ట్ చేతులు దులుపుకుని ఆల్బనీలో దర్జాగా బతికాడు. ఆ బట్టలు నేసిన మగ్గాల వాళ్ళకు తమ నేత ఏ హడ్సన్ లోయ పెద్దమనిషి లెక్కల పుస్తకానికి చుట్టమైందో తెలిసే అవకాశం లేదు.

ఇక అసలు సంగతి. ఆ కుటుంబం బానిసలను పెట్టుకుంది, బానిసల వ్యాపారమూ చేసింది. రాబర్ట్ కొడుకు, మనవళ్ళు ఆఫ్రికా, వెస్టిండీస్ ఓడల్లో వాటాదారులు. మర దగ్గర, పొలంలో, వంటింట్లో పనిచేసిన ఆ మనుషులు ఉత్తరాల్లో, వీలునామాల్లో, ఆస్తి జాబితాల్లో ఒంటి పేర్లతో కనిపిస్తారు. ఆ రోజుల్లో న్యూయార్క్ ఇళ్ళలో సీజర్, పాంపే లాంటి పేర్లు యజమానులే పెట్టేవారు. న్యూయార్క్‌లో 1799లో విముక్తి చట్టం మెల్లగా మొదలై, 1827 జులై 4న గాని పూర్తి కాలేదు. క్లెర్మాంట్‌లో మాకు ఇల్లు చూపించిన అమ్మాయి ఇదంతా దాచకుండా చెప్పింది. విలియం లివింగ్‌స్టన్ తరవాతి రోజుల్లో బానిసత్వం పోవాలని కోరుకున్నాడని కూడా చెప్పింది. నా మనవరాలు చెయ్యి ఎత్తి, వాళ్ళ ఇంటిపేర్లు ఏమిటని అడిగింది. కాగితాల్లో చాలామందివి లేవని, రశీదులు, వీలునామాలు, పారిపోయినవాళ్ళ కోసం వేసిన పత్రికా ప్రకటనలు జల్లెడ పట్టి ఒక్కొక్కరినీ వెతుక్కోవాలని ఆ అమ్మాయి చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత ఒకావిడ, “ఏదేమైనా మనవాళ్ళు ఇలాంటి పనులు చేయలేదమ్మా” అంది. బస్సంతా హమ్మయ్య అనుకున్నట్టు పులిహోర డబ్బాలు తెరుచుకున్నాయి. నేనూ తలాడించాను. నా పక్క సీటులో కూర్చున్న పదమూడేళ్ళ పిల్ల నా ముఖం చూసి, “తాతయ్యా, మన పుస్తకంలో కూడా ఒక పేరు ఉంది కదా” అంది.

ఉంది. మా తాతగారు కృష్ణా కాలువ కింద ఒక ఊరికి కరణం. 1984లో ప్రభుత్వం కరణీకాలు రద్దు చేసేనాటికి ఆయన లేరు. ఆయన భోషాణం ఉంది. అందులో చిట్టాలు, కౌలు ముచ్చలికలు, మా ముత్తాత నాటి తాటాకు కవిలెలు. ఆ ఊళ్ళోనే ఉంటున్న మా వాళ్ళు ఇల్లు అమ్మేటప్పుడు నాకు ఫోను చేసి, “అటక మీద చెత్త చాలా ఉంది, ఏం చేయమంటావు” అని అడిగారు. ఆ రోజుల్లో నాకు ఇక్కడ ఉద్యోగం ఊగుతోంది. మీ ఇష్టం అన్నాను. పాత కాగితాలవాడు కాటాకు ఎత్తి తీసుకుపోయాడు. కవిలెలు నీళ్ళ కాగు కిందికి వెళ్ళాయి. మరుసటి ఏడు నేను వెళ్ళినప్పుడు సెంటరులో వేరుశనగకాయలు కొంటే ఇచ్చిన పొట్లం మీద మా తాతగారి గుండ్రటి అక్షరాలు ఉన్నాయని రాస్తే కథ అందంగా ఉండేది. అలా జరగలేదు. ఏ పొట్లంలోనూ కనిపించలేదు. అంతా పోయింది. మా చిన్నత్తయ్య చీరల పెట్టె అడుగున పరిచిన మూడు లెక్కల పుస్తకాలు మాత్రం మిగిలాయి.

అందులో ఒకదాంట్లో పదకొండేళ్ళ పాటు పాలేరు ఖాతా ఉంది. ఏడాదికి ఇంత ధాన్యం, రెండు పంచెలు, ఒక గొంగళి, ఒక జత చెప్పులు. ఎదుటి పేజీలో అతడు తీసుకున్నవి. పెళ్ళి ఖర్చుకు, జబ్బుకు, పండక్కి, తల్లి దినాలకు. చివర ‘నిలవ బాకీ’. ఆ నిలవ మీద వడ్డీ. పదకొండేళ్ళూ ఆ నిలవ తీరలేదు. ప్రతి ఏడాది చివరా ఒక నిశానీ, నల్లటి వేలిముద్ర. ఎనిమిదో ఏడు ఒక వాక్యం ఉంది: ‘కొడుకును గేదెలకు పెట్టినాడు, తిండి మనది.’ ఎంత అందమైన దస్తూరీ అనుకున్నారు! ఒక్క కొట్టివేత లేదు. నేను నలభై ఏళ్ళు ఈ దేశంలో లెక్కలు రాసి బతికాను. ఆ పద్దులో అంకెల తప్పు ఒక్కటీ పట్టుకోలేకపోయాను.

అతడు నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని కాలువ దాటించేవాడు. తాటిముంజెలు వేలితో తీసి నోట్లో పెట్టేవాడు. మా ఇంట్లో అందరికీ అతడంటే ప్రాణం అని మేం చెప్పుకుంటాం. అతడు ఏమని చెప్పుకునేవాడో వాళ్ళ ఇంటికి ఎప్పుడూ వెళ్ళలేదు గనక తెలియదు.

మన పెద్దమనిషి వాదనలో బలం లేదనను. పాలేరు బానిస కాడు. అమ్మలేదు, కొనలేదు, పారిపోతే పత్రికలో ప్రకటన వేయలేదు. రెండింటినీ ఒకే గాటన కడితే క్లెర్మాంట్ వంటింట్లో మగ్గినవాళ్ళకే అన్యాయం. కులాల గొడవలతో మన సంఘాలు ఎన్నిసార్లు ఎలా చీలాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాల సభల్లో ఏ బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటారో చూస్తే పిల్లలకు కూడా తెలుస్తుంది. పండగపూట పుండు గోకడం ఎందుకన్న మాటకూ నా దగ్గర జవాబు లేదు. అన్నిటికన్నా బరువైనది ఆయన చివరగా అన్నది: “ఆ పాలేరు మనవళ్ళు ఇవాళ ఎక్కడున్నారో! మా తాత ఫలానా వాళ్ళింట్లో పాలేరు అని గోడ మీద చూస్తే వాళ్ళకు ఎలా ఉంటుంది?” నిజమే. మా పిల్ల ప్రేమతో కట్టిన గడి వాళ్ళకు తలవంపు కావచ్చు. నాకు ఆ ఆలోచనే రాలేదు. అందుకే ఆ పేరు ఈ వ్యాసంలోనూ రాయడం లేదు.

కానీ మూల మడిచినప్పుడు మేం వాళ్ళ మర్యాద గురించి ఆలోచించలేదు, నిజం ఒప్పుకోవాలి. మా మర్యాద గురించే ఆలోచించాం. తలపాగాల ఫోటోలకు, ‘రెండు వందల ఎకరాల మాగాణి’ అని రాసిన చార్టుకు ఎవరూ టేపు అడగలేదు. ఆ రెండు వందల ఎకరాలు ఎవరు దున్నారు?

మా నాన్నగారు పోయాక గయ వెళ్ళాను. అక్కడ తండ్రి వంశానికీ తల్లి వంశానికీ పిండాలు పెట్టించాక, అయ్యవారు ఇంకొకటి పెట్టించారు. ఈ రెండు వంశాల్లో దాసులుగా, భృత్యులుగా, ఆశ్రితులుగా ఉన్నవాళ్ళకు, స్నేహితులకు, శిష్యులకు, పశువులకు, చెట్లకు. నాకు ఆ వేళ కళ్ళు చెమ్మగిల్లాయి, మన పెద్దల మనసు ఎంత విశాలమో అనుకున్నాను. తద్దినంలోనూ అంతే, అమ్మ, నాయనమ్మ, తాతమ్మ, ముగ్గురి పేర్లూ గోత్రంతో చెప్పిస్తారు, ‘భార్య’ అని ఊరుకోరు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ విశాలత్వంలోనూ ఒక మెలిక ఉంది. ఆ పిండానికి పేరు అక్కర్లేదు. ఏ పేరూ చెప్పకుండా అందరినీ ఒక్క ముద్దలో కలిపేయవచ్చు. అయినా కనీసం పిలిచారు. నీళ్ళు వదలడానికి పనికివచ్చినవాళ్ళు రెండు డాలర్ల చార్టులో ఒక మూలకు పనికిరాకపోయారు.

దసరాకు మన జ్ఞాపిక సంచిక వస్తుంది, అందులో కుటుంబాల చరిత్రకు పేజీలు కేటాయించారు. సంపాదక వర్గాన్నీ, రాయబోయే మిమ్మల్నీ నేను కోరేది చాలా చిన్నది. ఈ వేసవికి ఊరు వెళ్ళేవాళ్ళు అటక ఎక్కండి. దొరికింది చింకి కాగితమైనా, చాకలి పద్దైనా ఫోనులో ఫోటో తీసుకుని రండి. లివింగ్‌స్టన్ల గొప్ప వాళ్ళ గుణంలో ఏమీ లేదు, కాగితం పారేయకపోవడంలో ఉంది. వాళ్ళు దాచుకున్నది భూమి నిలుపుకోవడానికి. ఆ కాగితాలే ఇవాళ వాళ్ళ మీద సాక్ష్యం చెబుతున్నాయి. అమ్మమ్మలు, నాయనమ్మల పేర్లు బతికున్న పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి, ఇంకో అయిదేళ్ళకు అడగడానికి ఎవరూ ఉండరు. మీ ఇంటి పుస్తకంలో ఇంకొకరి పేరు కనిపిస్తే దాన్ని కొట్టేయకండి, ముద్రించనూ వద్దు. ముందు వాళ్ళవాళ్ళను వెతికి అడగండి. కాదంటే గడి ఖాళీగా వదలండి. ఖాళీ గడి ఉన్నా పరవాలేదు, మడత ఉండకూడదు. చార్టుల విషయంలో నేను మా మనవరాలికి క్షమాపణ చెప్పాను. “టేపు మీరెందుకు ఇచ్చారు” అని అడిగింది. దానికి చెప్పడానికి నా దగ్గర మంచి తెలుగు వాక్యం దొరకలేదు.

ఆ తరవాతి వారం నుంచి నేను ఊరికి ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. పాలేరు కుటుంబం ముప్పై ఏళ్ళ కిందటే ఊరు వదిలిందన్నారు. నాలుగు చేతులు మారి, చివరికి ఒక నంబరు దొరికింది. హైదరాబాదులో ఆయన మనవడు, బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. నేనెవరో చెప్పగానే కాసేపు మౌనం. తరవాత చాలా మర్యాదగా, “చెప్పండి” అన్నారు. పుస్తకం గురించి చెప్పాను. పేరు చదివాను.

“మా తాత పేరు అది కాదండీ,” అన్నారు. “మీ ఇంట్లో ఆయన్ను అలా పిలిచేవారు. మీ ఇంట్లో ఒక పెద్దాయనకు మా తాత పేరే ఉండేదట. అందుకని మార్చి పిలిచారట.”

అసలు పేరు చెప్పారు. అది మా ముత్తాత పేరు.

వేలిముద్ర ఉన్న పేజీలు పంపగలనా అని అడిగారు. వాళ్ళ దగ్గర ఆయన ఫోటో కూడా లేదట. గేదెలకు పెట్టిన కొడుకు వాళ్ళ నాన్నగారేనట, ఆయన కూడా పోయారు. గడి సంగతి అడిగితే, తల్లిని, చెల్లెళ్ళను అడిగి చెబుతానన్నారు, తొందరేమీ లేదు కదా అన్నారు. లేదన్నాను. మనవరాలు పక్కన కూర్చుని పదకొండు పేజీలకూ ఒక్కొక్కటిగా ఫోటోలు తీసింది. అదే రాత్రి పంపాం. ఆయన చూసినట్టు ఫోనులో గుర్తు వచ్చింది. ఈ వ్యాసం ఇచ్చే గడువు నేటితో ముగుస్తోంది, జవాబు ఇంకా రాలేదు.